మాత్ర వేస్తే విశ్వాసం తగ్గినట్టా?

తూర్పు గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. తొమ్మిదేళ్ల బాబుకు రెండేళ్లుగా ఫిట్స్. కాకినాడ పెద్దాసుపత్రిలో రాసిచ్చిన మాత్రలు వాడాక ఏడు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు ఊళ్లో ఉపవాస కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు బాబు తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, "స్వస్థత అయిపోయింది, ఇక మాత్ర వేస్తే అవిశ్వాసమే" అన్నారు. వీళ్లు మాత్రలు ఆపేశారు. వారం తిరక్కుండానే ఒక రాత్రి ఫిట్స్ మొదలై ఎంతసేపటికీ ఆగలేదు. భర్త ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి బిడ్డను దక్కించుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన మందిరానికి రావడం మానేశారు. అత్తగారూ, ప్రార్థన గుంపులో కొందరూ "నువ్వు సందేహించావు కాబట్టే తిరిగొచ్చింది" అంటున్నారు. ఈమె ఇప్పుడు అత్తగారి కంట పడకుండా మాత్రను అరటిపండులో పెట్టి ఇస్తున్నారు. మోకరిస్తే ఏడుపు తప్ప మాట రావడం లేదు. మొన్న బాబు, "అమ్మా, నాకు విశ్వాసం లేదా?" అని అడిగాడట. "బలమైన విశ్వాసం అంటే ఏమిటి? నాది పెరుగుతోందా, చచ్చిపోయిందా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

ముందు మాత్రల సంగతి తేల్చుకుందాం. ఒక్క పూట కూడా మానకండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపేస్తే అవి తిరిగి రావడం, వస్తే ఒక పట్టాన ఆగకపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఆ రాత్రి జరిగింది అదే. మీ మనసులో మెదిలిన సందేహం మీ బాబు మెదడులోకి వెళ్లి ఫిట్స్ తెప్పించలేదు. ఈ నింద మీది కాదు, దించేయండి. సరైన మందు క్రమంగా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. మామూలుగా రెండేళ్లపాటు ఒక్కసారీ రాకపోతే, అప్పుడు డాక్టరు చూసి మోతాదును కొద్దికొద్దిగా తగ్గించాలా వద్దా అని ఆలోచిస్తారు. ఆ నిర్ణయం ఆయనది. కూటంలో మైకు పట్టుకున్నవారిది కాదు.

ఇక మీ అసలు ప్రశ్న. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయం తీసి మళ్లీ చదవండి. అందులో ఉన్నది మీ కథే. కొడుకు నేలమీద పడి నురుగు కారుస్తూ కొట్టుకుంటుంటే చిన్నప్పటి నుంచీ చూస్తూ అలిసిపోయిన తండ్రి. శిష్యుల దగ్గరికి తెస్తే వాళ్లవల్ల కాలేదు. చుట్టూ జనం, శాస్త్రులు, వాదన. ఆ గందరగోళంలో ఆయన యేసుతో అన్న మాట: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." నమ్మకమూ అపనమ్మకమూ ఒకే నోట, ఒకే ఊపిరిలో బయటికి వచ్చాయి. యేసు ఆయన్ను పక్కకు పంపి, "ముందు నీ సందేహం తీర్చుకుని రా" అనలేదు. బిడ్డను బాగుచేశారు.

ఇదే సంగతి మత్తయి పదిహేడో అధ్యాయంలో చదివితే ఇంకొకటి కనబడుతుంది. మీ ప్రార్థన గుంపువారు కూడా దాన్ని చదవాలని నా కోరిక. "మావల్ల ఎందుకు కాలేదు?" అని శిష్యులు చాటుగా అడిగితే, మీ అల్పవిశ్వాసం వల్లనే అని యేసు జవాబిచ్చారు. ఆ మాట ఎవరితో అన్నారో గమనించండి. స్వస్థపరచడానికి పూనుకున్నవాళ్లతో. ఏడుస్తున్న తండ్రితో అనలేదు, జబ్బుపడిన బిడ్డతో అసలే అనలేదు. ఇవాళ మన కూటాల్లో ఇది పూర్తిగా తలకిందులైంది. ప్రార్థన చేసినవారు మరుసటి ఊరికి వెళ్లిపోతారు, బాగుకాకపోతే నేరం ఇంట్లో తల్లిమీద పడుతుంది. ఇది నాకు బాధ కలిగిస్తుంది, కోపమూ తెప్పిస్తుంది. బిడ్డ జబ్బు మోస్తున్న తల్లిమీద ఇంకో బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

మరి పెరిగే విశ్వాసం ఎలా ఉంటుంది? థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే పౌలు, మీ విశ్వాసం బహుగా అభివృద్ధి పొందుతోందని దేవునికి కృతజ్ఞత చెబుతాడు. దానికి ఏం గుర్తు చూశాడు? ఒకరి మీద ఒకరికి ప్రేమ విస్తరిస్తోంది. హింసలూ శ్రమలూ వచ్చినా ఓర్చుకుంటున్నారు. అంతే. వాళ్ల శ్రమలు తీరిపోయాయని రాయలేదు, ఇంకా వాటిలోనే ఉన్నారని రాశాడు. ఈ కొలత మీకు మీరే పెట్టుకుని చూడండి. రాత్రి నిద్ర మానుకుని బిడ్డ పక్కన కూర్చుంటున్నారు. మాట రాకపోయినా మోకరిస్తున్నారు. నింద వేసినవారి మధ్యకే ఆదివారం వెళ్లి కూర్చుంటున్నారు. మీరు చచ్చిపోయిందనుకుంటున్నది నాకు వేళ్లు దిగుతున్నట్టు కనబడుతోంది. నారు పీకి మడిలో నాటిన కొత్తలో వరి వాలిపోయి పచ్చదనం తగ్గుతుంది కదా, మీ ప్రాంతంవారికి నేను చెప్పాలా? ఆ నాలుగు రోజులు చూసి పంట పోయిందనుకునే రైతు ఉండడు.

విశ్వాసమంటే "ఇది జరిగి తీరుతుంది" అని మనసును బిగబట్టుకోవడం అని మీకు ఎవరో నేర్పినట్టున్నారు. లేఖనంలో నాకు కనబడేది వేరు. ఏం జరిగినా ఈయన నన్ను విడిచిపెట్టడు అని ఒక వ్యక్తి మీద ఆనుకోవడం అది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు ఉండిపోయింది. పౌలుకు విశ్వాసం చాలలేదని ఏ సంఘమైనా అంటుందా? తన దగ్గర పనిచేసిన త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతకు, కడుపు జబ్బుకు ఆ రోజుల్లో వాడే ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడే, అతన్ని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అని ముద్దుగా పిలిచాడు.

అత్తగారు "దేవుడు ముట్టాక మందెందుకు?" అంటే పాత నిబంధనలో హిజ్కియా రాజు జబ్బుపడినప్పటి సంగతి చదివి వినిపించండి. నిన్ను బాగుచేస్తాను, నీ ఆయుస్సు పదిహేనేళ్లు పెంచుతానని దేవుడు స్వయంగా మాటిచ్చాడు. ఆ మాట మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందు కూడా వాడమన్నాడు. మన నేల మీద కూడా ఇదే జరిగింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్తనూ వైద్యాన్నీ విడదీయలేదు. 1898 నాటికి ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి నిలబెట్టారు. వేలూరులో 1900లో ఒక్క మంచంతో ఐడా స్కడర్ మొదలుపెట్టిన వైద్యాలయానికి మన జిల్లాల నుంచి ఇప్పటికీ రైలెక్కి వెళుతున్నారు. వాళ్లు ప్రార్థన చేశాకే సూది గుచ్చారు.

అయితే మాత్రను అరటిపండులో దాచడం ఆపండి. దాచేకొద్దీ అది తప్పన్న భావం మీలోనూ బాబులోనూ పాతుకుపోతుంది. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, "ప్రభువా, ఈ మందును దీవించు" అని పైకి ప్రార్థించి, అందరి ఎదుటా వేయండి. ఇష్టమైతే అత్తగారినే ఆ ప్రార్థన చేయమనండి. ఆవిడ మనవడి మీద ప్రేమతోనే, భయంతోనే అలా అంటున్నారు. ఆవిడకు వాదన కంటే ఒక చోటు ఇవ్వడం మేలు చేస్తుంది.

భర్తను మందిరానికి రమ్మని బలవంతపెట్టకండి. ముందు ఒక మాట చెప్పండి: "ఆ రాత్రి మీరు బిడ్డను కాపాడారు, దేవుడు మిమ్మల్ని వాడుకున్నాడు." ఈ మాట ఆయన ఎవరి నోటా విని ఉండరు. తర్వాత మీ ఇద్దరూ కలిసి మీ పాస్టరుగారిని ఇంటికి పిలిచి జరిగింది దాచకుండా చెప్పండి. మాత్రలు ఆపమన్నది బయటివారే అయినా, ఇంకో ఇంట్లో ఇలా జరగకుండా చూడాల్సిన బాధ్యత సంఘ కాపరిది. ఆయన ఆదివారం నాడు నోరు తెరిచి చెప్పాలి. పెద్దలు నూనె రాసి ప్రార్థించాలనుకుంటే సంతోషంగా చేయించుకోండి, యాకోబు పత్రిక చెప్పింది కూడా అదే. బాబును వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తామంటే మాత్రం వద్దనండి.

మీ ప్రార్థన గురించి. మాట రానప్పుడు కీర్తన 13 పైకి చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు?" అని మొదలవుతుంది. ఏడుపునే ప్రార్థనగా రాసి పెట్టినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. ఒక నెలపాటు అదొక్కటే చదివినా చాలు.

బాబు అడిగినదానికి మార్కు తొమ్మిది కథే చెప్పండి. "నీలాంటి అబ్బాయినే వాళ్ల నాన్న యేసయ్య దగ్గరికి తీసుకొచ్చాడు, ఆ అబ్బాయిని నీకు విశ్వాసం ఉందా అని ఆయన అడగనే లేదు" అనండి. వాడికి చాలు.

కొన్ని జాగ్రత్తలు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, కాబట్టి ఆల్‌నైట్ ప్రేయర్‌లకు బాబును తీసుకెళ్లకండి, ఉపవాసమూ ఉంచకండి. మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, టైము చూసుకోండి. నోట్లో చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభం లేదు. అయిదు నిమిషాలు దాటితే, లేదా ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి బడిలో టీచరుకు ఒకటి, సండేస్కూలు టీచరుకు ఒకటి ఇవ్వండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మాత్రలు ఎన్ని రోజులు ఆగిపోయాయో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పి, మోతాదు మార్చాలేమో అడగండి. వీలైతే అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆవిడ అనుమానాలు డాక్టరునే అడగనివ్వండి.