సవరించాలా, దిద్దాలా?

సందేహం: లైనక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకునేవాళ్ల కోసం ఒక పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ప్రోగ్రాము ఎలా నడవాలో చెప్పే ఫైలు గురించి ‘ఎడిట్ ద కాన్ఫిగరేషన్ ఫైల్’ అన్నచోట ‘విన్యాస దస్త్రాన్ని దిద్దండి’ అని రాశాను. చదివిన స్నేహితుడు అర్థం కాలేదన్నాడు. ఇందులో తప్పుందా?

సమాధానం: వ్యాకరణపరంగా తప్పు లేదు. కానీ మీ స్నేహితుడి ఇబ్బంది నిజమే. సంస్కృతంలో విన్యాసమంటే పద్ధతిగా ఉంచడమే అయినా, తెలుగువాళ్లకు ఆ మాట వినగానే సైనిక విన్యాసాలు, సర్కసు విన్యాసాలు గుర్తొస్తాయి. ‘అమరిక’ మనకు ఉండనే ఉంది. కోరు నుంచి కోరిక, అల్లు నుంచి అల్లిక వచ్చినట్టే అమరు నుంచి అమరిక. ఫైలును ఫైలనే ఉంచి ‘అమరికల ఫైలు’ అనండి.

ఇక దిద్దడం. మాస్టారు పేపర్లు దిద్దుతారు, అక్కడ తప్పులుంటాయి. పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దుతారు, అక్కడ ముందే రాసిన అక్షరం ఉంటుంది. లైనక్స్‌లో ఈటీసీ ఫోల్డరులోని హోస్ట్స్ ఫైలు చూడండి. ఏ పేరుకు ఏ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో కంప్యూటరును గుర్తించే సంఖ్య) అన్నది అందులో లైన్లవారీగా ఉంటుంది, లోకల్‌హోస్ట్‌కు, అంటే మన కంప్యూటరుకే, 127.0.0.1 అన్నట్టు. మనం ఇంకో లైను చేర్చామంటే ఫైలులో తప్పుందని కాదు, మన అవసరం వేరని. పమిట సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. ఉన్నదాన్ని అప్పటి అవసరానికి అనువుగా చేసుకోవడమే అది. అందుకే ఇక్కడ ‘సవరించండి’ సరైన మాట. ‘ఫైలు మార్చండి’ అని మాత్రం రాయకండి, కొత్తవాళ్లు ఆ ఫైలు తీసేసి వేరేది పెట్టేస్తారు. ‘నో’ బదులు ‘యెస్’ పెట్టే చోట ‘విలువ మార్చండి’ అనవచ్చు.

మీరు పంపిన పేజీలో ‘ముందు ఫైలుకు నకిలీ తీసుకోండి’ అని కూడా ఉంది. ఇది నిజంగా తప్పే. పహాణీకి తీసుకునేది నకలు. నకిలీ విత్తనాలంటే మోసం. ఫైలులో ఒక్క అక్షరం చెడినా దాన్ని వాడే ప్రోగ్రాము మొరాయించవచ్చు కాబట్టి ఆ వాక్యం చాలా ముఖ్యం, ‘నకలు’ అని సరిచేయండి.

‘అన్‌కామెంట్’కు కొత్త మాట పుట్టించనక్కర్లేదు. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైనును ప్రోగ్రాము పట్టించుకోదు కాబట్టి ‘లైను మొదట్లోని హ్యాష్ తీసేయండి’ అంటే చాలు. దూరంగా ఉన్న కంప్యూటరులోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ అమరికల్లోని ‘పర్మిట్‌రూట్‌లాగిన్’ లాంటి మాటలను మాత్రం తెలుగు చేయకుండా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. స్పెల్లింగు అలాగే ఉంటేనే ప్రోగ్రాము వాటిని గుర్తుపడుతుంది.