బారిస్టర్ టంగుటూరి ప్రకాశం కేంద్ర శాసనసభకు ఎలా వెళ్లారు?

ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి, వచ్చినవాళ్లకు వండి వడ్డిస్తూ పిల్లలను పెంచింది. ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ వంటింటి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆయనను రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు.

రాజమండ్రిలో ఆయన రెండో తరగతి ప్లీడరుగా బాగా సంపాదించారు, పురపాలక అధ్యక్షులూ అయ్యారు. అయితే ఆ తరగతి ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేకపోవడంతో, 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, 1907 నుంచి మద్రాసు హైకోర్టులో పేరూ డబ్బూ గడించారు. 1921లో సహాయ నిరాకరణ పిలుపునందుకొని ఆ ప్రాక్టీసును పూర్తిగా వదిలేసి, 'స్వరాజ్య' పత్రికను స్థాపించి తన ఆస్తినంతా దానికే ధారపోశారు.

1926లో ఆయన బ్రిటిష్ పాలనలో ఢిల్లీలో ఉన్న కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1928 ఫిబ్రవరి 3న, భారతీయులెవరూ సభ్యులుగా లేని బ్రిటిష్ సంఘం సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరుగుతుండగా పోలీసుల కాల్పుల్లో ఒకరు మరణించారు. ఆ మృతదేహాన్ని చూడబోయిన ప్రకాశాన్ని తుపాకులు చూపి అడ్డగిస్తే, ఆయన చొక్కా తొలగించి రొమ్ము చూపి, కాల్చమంటూ నిలబడ్డారు. అది జరిగింది ఆయన ఒకప్పుడు వాదించిన హైకోర్టుకు సమీపంలోనే. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ ధైర్యానిదే.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో కేంద్ర శాసనసభ సభ్యత్వాన్ని వదులుకున్నారు. 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో కన్నుమూసే నాటికి ఆయన దగ్గర ఆస్తి అంటూ ఏమీ మిగలలేదు.