జీతానికి బదులు ఈసాప్స్ ఇస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాదాపూర్‌లో 14 మందితో స్టార్టప్ నడుపుతున్నాను. పెద్ద కంపెనీలతో సమానంగా జీతాలు ఇవ్వలేక, 1,000 ఈసాప్స్ (ఉద్యోగులకు కంపెనీ వాటాలు కొనుక్కునే అవకాశం) ఇస్తానన్నా మా మంచి ఇంజినీరు ఒకరు రాజీనామా చేశారు. ఎక్కడ పొరబడ్డాను?

జవాబు: ఈసాప్ అంటే వాటా కాదు, ముందే నిర్ణయించిన ధరకు వాటా కొనుక్కునే హక్కు. ఆ హక్కు చేతికి రావడానికి మన కంపెనీ చట్టం నిబంధనల ప్రకారం కనీసం 1 సంవత్సరం ఆగాలి. చాలా సంస్థలు 4 సంవత్సరాల్లో విడతలవారీగా ఇస్తాయి. పైగా కొనుక్కున్నప్పుడు వాటా అసలు విలువకూ ఉద్యోగి కట్టిన ధరకూ ఉన్న తేడాను జీతంలో భాగంగానే లెక్కిస్తారు కనుక, అర్హత గల కొన్ని స్టార్టప్‌లలో పన్ను వాయిదా సదుపాయం ఉన్నా, మిగతా చోట్ల పైసా చేతికి రాకముందే పన్ను కట్టాలి. ఇంటి యజమాని మాత్రం ఒకటో తారీఖున అద్దెకు బదులు ఈసాప్ కాగితం పుచ్చుకోడు.

ఇంతకీ మీ సంస్థలో మొత్తం వాటాలెన్నో ఆ ఇంజినీరుకు చెప్పారా? 10 లక్షల వాటాల్లో వెయ్యి అంటే 0.1 శాతం, కోటిలో అయితే 0.01 శాతమే. ఆ లెక్క దాచి సంఖ్యను మాత్రమే చూపడం, నా దృష్టిలో, తక్కువ జీతం కన్నా పెద్ద అగౌరవం. మిగిలిన 13 మందికైనా శాతం, కొనుగోలు ధర, ఉద్యోగం మానేశాక కొనుక్కోవడానికి ఉండే గడువు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక పేజీలో రాసి ఇవ్వండి.