మెటియరాలజీలో ఎమ్మెస్సీ చెయ్యొచ్చా? చేసినదాన్నిగా చెబుతున్నా

బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ అయిపోవస్తోంది, వాతావరణ శాస్త్రంలో పీజీ చెయ్యాలని ఉంది, ఇంట్లోవాళ్లేమో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చెయ్యమంటున్నారు, రెంటికీ తేడా ఏమిటి, ఉద్యోగాలుంటాయా అని అడిగారు. నేను 2018లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మెటియరాలజీలో చేరి, 2020లో పూర్తి చేశాను.

ముందు తేడా. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో నీళ్లు, మట్టి, చెత్త, చట్టాలు, ల్యాబ్ పరీక్షలు ఎక్కువ. కెమిస్ట్రీ, బయాలజీ మీద ఇష్టమున్నవాళ్లకి అది బాగుంటుంది. మెటియరాలజీ అంటే గాలికి సంబంధించిన ఫిజిక్స్. మొదటి సెమిస్టర్‌లోనే డైనమిక్స్, థర్మోడైనమిక్స్ వచ్చి పడతాయి. పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ కనపడగానే పేజీ తిప్పేసే అలవాటుంటే ఇటు రావద్దు. మ్యాథ్స్ ఇష్టమైతే మాత్రం ఇంతకంటే మంచి కోర్సు నాకు తెలీదు.

ప్రాక్టికల్స్‌లో ఖాళీ చార్టు మీద ఒక్కో స్టేషన్ ప్రెషర్ వేసి, రెండు హెక్టోపాస్కల్స్‌కి (ప్రెషర్ కొలిచే యూనిట్) ఒక గీత చొప్పున ఐసోబార్లు, అంటే ఒకే ప్రెషర్ ఉన్న చోట్లని కలిపే గీతలు, పెన్సిల్‌తో గీయించేవారు. చెరిపి చెరిపి కాగితం చిరిగేది. కంప్యూటర్ క్షణంలో గీసేదానికి చేత్తో ఎందుకని విసుక్కునేదాన్ని. నేను చేరిన అక్టోబరులోనే తిత్లీ తుపాను వచ్చింది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కొబ్బరితోటల ఊరు. గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని ఐఎండీ (భారత వాతావరణ శాఖ) చెప్పింది. 10వ తేదీ చార్టు వేస్తుంటే మా తీరానికెదురుగా గీతలు బిగుసుకుపోయి, పెన్సిల్ మొనకి సందు దొరకలేదు. గీతలు ఎంత దగ్గరగా ఉంటే గాలి అంత ఉధృతంగా ఉంటుందని అప్పటికే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం ఆ సాయంత్రం తెలిసింది. ఇంటికి ఫోన్ చేశాను. "ఏటమ్మా, ఎప్పుడు తాకుతాది?" అన్నారు నాన్న. "తెల్లారేలోపు నాన్నా. పెంకుటింట్లో ఉండొద్దు. ఆవుల్ని విప్పేసి, అమ్మని తీసుకుని బడికి పోండి" అన్నాను. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర గంటకి 140-150 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ఇంట్లో అందరూ క్షేమం, ఆవులూ దక్కాయి. తోటలో మాత్రం నిలబడ్డ చెట్టు లేదు. చార్టు గీయమంటే నేను మళ్లీ విసుక్కోలేదు. మీరు చేరితే ఆ పని ఎగ్గొట్టకండి.

ఇంట్లోవాళ్లకి పర్యావరణమే ముఖ్యమంటే, అదీ ఇందులో ఉంది. నా ప్రాజెక్టు విశాఖ గాలి కాలుష్యం మీదే. పోర్టు, పరిశ్రమలు ఉన్న భాగం ఉత్తరాన కైలాస కొండ, దక్షిణాన యారాడ కొండ మధ్య గిన్నెలా ఉంటుంది. శీతాకాలం రాత్రి నేల చల్లబడితే కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి చేరతాయి. ఇన్వర్షన్ అంటాం. గిన్నెకి మూత పడిందన్నమాట. పొద్దెక్కి నేల వేడెక్కితేగానీ ఆ మూత లేవదు. అందుకే గొట్టాల నుంచి అంతే పొగ వస్తున్నా తెల్లవారుజామున పీఎం 2.5 (గాలిలోని అతిసన్నటి ధూళి) ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం ఇంకోలా. మన దేశంలో దానికి 24 గంటల పరిమితి ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు. అది దాటిన రోజున ఎంత పొగ వచ్చిందో చూస్తే సరిపోదు, గాలి ఎంత ఎత్తు వరకు కలిసిందో కూడా చూడాలి. ఆ రెండోది చెప్పగలిగేది మన సబ్జెక్టే.

ఇక ఉద్యోగాలు. ఐఎండీ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) ద్వారా 2017లో 1102, తర్వాత 2022లో 990 పడ్డాయి. మధ్యలో ఐదేళ్లు! పైగా వాటికి ఫిజిక్స్ ఉన్న బీఎస్సీ చాలు, కాబట్టి కేవలం వాటికోసం పీజీ చెయ్యకండి. రీసెర్చ్ వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ గానీ, గేట్ గానీ కొట్టాలి. జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. గాదంకి ఎన్ఏఆర్ఎల్ (వాతావరణ పరిశోధన), హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం), పుణె ఐఐటీఎం (రుతుపవనాలు, వాతావరణం) అనే పరిశోధన సంస్థలు మనవాళ్లు ఎక్కువగా చూసుకునే చోట్లు.

నేను ప్రైవేటులో, సోలార్, విండ్ ప్లాంట్లకి ఫోర్‌కాస్ట్ ఇచ్చే పనిలో ఉన్నాను. రోజుని పావుగంట చొప్పున 96 బ్లాకులు చేసి, ఒక్కోదానిలో ఎంత కరెంటు వస్తుందో ముందే చెప్పాలి. ప్యానెళ్ల మీదికి అనుకోని మేఘం వస్తే అంచనా తప్పుతుంది, తేడా మరీ ఎక్కువైతే ప్లాంటుకి జరిమానా పడుతుంది. ఈ ఉద్యోగం నాకు మార్కుల వల్ల రాలేదు, పైథాన్ వల్ల వచ్చింది. అదీ నాలుగో సెమిస్టర్‌లో, ప్రాజెక్టు ఆగిపోతుంటే రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నది. ఆ ఆలస్యం వల్ల ఏడాది పోయింది. మీకు కంప్యూటర్స్ ఉంది గనక లినక్స్, పైథాన్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. నెట్‌సీడీఎఫ్ ఫైలు (వాతావరణ డేటా దాచే ఫార్మాట్) తెరిచి మీ జిల్లా వర్షపాతం మ్యాపు మీరే గీయగలిగితే మొదటి ఏడాది చాలా తేలికవుతుంది.

ఏపీ పీజీసెట్ రాయండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ అప్లై చెయ్యండి. ర్యాంకు వచ్చాక ఇక్కడే చెప్పండి, ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి మాట్లాడుకుందాం.