రెండు ఇంజిన్ల విమానంలో ఎగిరిన గంటలు తక్కువని ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే

ట్విన్ ఇంజిన్ (రెండు ఇంజిన్ల) విమానాల్లో మీరు ఎగిరింది 15 గంటలే అని, మీరు కొనాలనుకుంటున్న బేరన్ 58 అనే చిన్న ట్విన్ విమానానికి ఇన్సూరెన్స్ కంపెనీలు కోట్ ఇవ్వట్లేదన్నారు. అమెరికాలో ఇది మామూలేనండీ. కొనకముందే ఏవియేషన్ బ్రోకర్‌తో (విమాన ఇన్సూరెన్స్ కుదిర్చేవారితో) మాట్లాడండి. ఒక్కరే చాలు, ఇద్దరు బ్రోకర్లు ఒకే కంపెనీని అడిగితే పని చిక్కుపడుతుంది. బేరన్ బాగా తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పినన్ని గంటలు ఎగిరాకే ఒంటరిగా ఎగురుతానని ముందే ఒప్పుకోండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) లేకపోతే ముందు అది తెచ్చుకోండి. మొదటి ఏడాది ప్రీమియం చూసి నేనూ కళ్లు తేలేశాను. గంటలు పెరిగాక తగ్గింది.

ప్రీమియం కన్నా నాకు టెన్షన్ టేకాఫ్ గురించే. పైకి లేచాక ఒక ఇంజిన్ ఆగి, వేగం వీఎంసీ (ఒక్క ఇంజిన్‌తో విమానాన్ని అదుపులో ఉంచగల కనీస వేగం) కంటే పడిపోతే రెండో ఇంజినే విమానాన్ని తిరగేస్తుంది. 300 హార్స్‌పవర్ మరి! ఇంజిన్ ఆగినప్పుడు ఇంకా రన్‌వే మీదే ఉంటే ఆలోచించకుండా రెండు థ్రాటిళ్లూ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే లీవర్లు) వెనక్కి లాగేయండి. ఏటా సిమ్యులేటర్‌లో ఇదే సాధన చేయండి.