రిమాండ్‌లో ఉన్న తమ్ముడు, జైలులో లైంగిక దాడి, అంగీకారం: మీ ప్రశ్నకు ఒక వకీలు జవాబు

నల్లగొండ జిల్లాలో ఒక కొట్లాట కేసులో రిమాండ్‌కు వెళ్లిన ఇరవై ఏళ్ల మీ తమ్ముడు రెండో ములాఖత్ నుంచి మాటలు తగ్గించాడనీ, రాత్రిళ్లు పడుకోవాలంటే భయమేస్తోందని మాత్రం అన్నాడనీ రాశారు. జైళ్లలో మగవారిపై మగవారు లైంగిక దాడి చేయడం నిజమేనా, లేక అక్కడ జరిగేదంతా ఇష్టపూర్వకమేనని మీ బంధువొకరు అన్న మాటే నిజమా అని అడిగారు. దాడులు జరుగుతాయి, ఇష్టపూర్వక సంబంధాలూ ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవారి వల్లనే దాడికి గురైనవారు నోరు విప్పలేకపోతున్నారు. న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచిత వకీలుగా దక్షిణ తెలంగాణ జైళ్లకు కొన్నేళ్లు వెళ్లివచ్చినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను. ఏ జైలు, ఎవరు అన్నది తెలియనివ్వను.

కత్తి చూపించి, నోరు నొక్కి చేసే దాడులు లేవని కాదు. నా ముందుకు వచ్చిన వాటిలో ఎక్కువ మాత్రం అప్పుతో మొదలైనవి. సాయంత్రం లెక్క చూసి బ్యారక్‌కు తాళం వేశాక వార్డర్ బయటే తిరుగుతాడు. లోపల ఎవరు ఎక్కడ దుప్పటి పరుచుకోవాలో పాత ఖైదీలే నిర్ణయిస్తారు. కట్టుబట్టలతో వచ్చిన కొత్తవాడికి మరుగుదొడ్డి పక్కన, రాత్రంతా కాళ్లు తొక్కుకుంటూ పోయే చోట జాగా దొరుకుతుంది. రెండు రోజులు పోయాక ఒక పెద్దమనిషి పిలిచి ఫ్యాను కింద చోటిస్తాడు, సబ్బు ఇస్తాడు, బీడీలు, బిస్కెట్లు ఇస్తాడు, ఎవరైనా ఏమైనా అంటే అడ్డుపడతాడు. కొన్నాళ్లపాటు ఏమీ అడగడు. అడిగే రోజు వచ్చేసరికి, ఆ కుర్రవాడికి తిరిగి ఇవ్వడానికి చేతిలో పైసా ఉండదు, వెనక్కి పోదామంటే తన పాత చోటు కూడా మిగలదు.

అచ్చంపేట వైపు నుంచి దొంగతనం కేసులో వచ్చిన ఒక అబ్బాయి బెయిల్ పిటిషన్ కోసం నా ముందు కూర్చున్నప్పుడు, వకాలత్ కాగితం అంచును వేలితో మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ, “బెయిల్ సంగతి తర్వాత సూద్దాం సార్, ముందుగాల నన్ను ఆ బ్యారక్‌ల నుంచి తీయించుండ్రి” అన్నాడు. ఎందుకని అడిగితే తలుపు దగ్గర నిలబడ్డ వార్డర్ వైపు చూశాడు. వార్డర్‌ను కొంచెం దూరం జరగమని అడిగాకే, కాగితం మీది నుంచి కళ్లెత్తకుండా, తక్కిన విషయం చెప్పాడు. అతడి బ్యారక్ మారింది. కానీ ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి అక్కడి అధికారి ఒకరు, “తీసుకున్నన్ని రోజులు బిస్కెట్లు తీసుకున్నాడు, ఇప్పుడు బలవంతం అంటున్నాడు” అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆకలి, భయం, ఒంటరితనం పెట్టుబడిగా రాబట్టుకున్న ఒప్పుదలను నేను అంగీకారంగా ఒప్పుకోను. ఈ మనిషి రేపు వద్దంటే ఏం పోగొట్టుకుంటాడు అన్నది చూస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. పడుకునే చోటో, తిండో, ఒంటి మీది భద్రతో పోతుందంటే అది బలవంతమే. అవతలివాడు జైలు సిబ్బందిలో ఒకడైతే ఇక అంగీకారమన్న ప్రశ్నే రాకూడదు.

మరోవైపు, శిక్ష పడి ఏళ్ల తరబడి ఒకే జైలులో ఉన్న ఇద్దరు మనుషులు నాకు తెలుసు. ఒకరికి టీబీ వచ్చినప్పుడు రెండోవారు అన్నం తినిపించి, బట్టలు ఉతికారు. వారి మధ్య ఉన్నది ఏమిటో అందరికీ తెలుసు, ఎవరికీ హాని లేదు. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే సంబంధం నేరం కాకుండా పోయింది. జైలు క్రమశిక్షణ నియమాల సంగతి వేరుగా ఉండవచ్చు కానీ, అలాంటివారిని వెంటాడి విడదీయడం వల్ల బలవంతం చేసేవాడు ఒక్కడైనా ఆగడు. 1994లో తీహార్ జైలులో కండోములు ఇవ్వడానికి అధికారులు నిరాకరించడంతో, ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ, అలాంటి సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377నే ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. జైలులో ఇలాంటివి లేవని నటించడం అప్పటికే పాత అలవాటు.

చట్టం విషయంలో మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2018 తీర్పు తర్వాత కూడా మగవారిపై బలవంతంగా జరిగిన చర్యకు 377 వర్తించేది, యావజ్జీవం వరకూ శిక్ష పడే అవకాశం ఉండేది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు, అత్యాచార నిర్వచనమేమో స్త్రీ బాధితురాలైన సందర్భానికే పరిమితం. మిగిలేవి గాయపరచడం, అక్రమంగా నిర్బంధించడం, బెదిరించడం వంటి సెక్షన్లు. మామూలు గాయమైతే గరిష్ఠ శిక్ష ఏడాదే. ఇంత పెద్ద ఖాళీని ఎలా వదిలేశారో నాకు మింగుడుపడదు. బాధితుడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే మాత్రం పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది. ఆ వయసువాడు అసలు జైలులోనే ఉండకూడదు కనుక, రిమాండ్ రిపోర్టులో వయసు తప్పు పడిందేమో పదో తరగతి మెమోతో సరిచూసుకోండి.

మీ తమ్ముడికి ఇరవై ఏళ్లేనని రాశారు కనుక ఒక మాట. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ 27వ సెక్షన్ ఇరవై ఒక్క ఏళ్లలోపు మగ ఖైదీలను మిగతావారి నుంచి పూర్తిగా వేరుచేయాలనీ, విచారణ ఖైదీలను శిక్ష పడినవారితో కలపకూడదనీ చెబుతుంది. వకీలు ద్వారా సూపరింటెండెంట్‌కు బ్యారక్ మార్పు కోసం దరఖాస్తు ఇప్పించడానికి ఈ ఒక్క ఆధారం చాలు, కారణం కింద దాడి సంగతి రాయనక్కరలేదు. స్పందన లేకపోతే జిల్లా సెషన్స్ జడ్జికి ఉత్తరం రాయండి. తోటి ఖైదీ మలద్వారంలో వార్డర్ కర్ర జొప్పించి హింసించాడని తీహార్ నుంచి సునీల్ బత్రా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1979లో తీర్పిచ్చింది. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు ఉండాలన్నది ఆ తీర్పులోని ఆదేశమే. వకీలు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు.

ఏదైనా జరిగిపోయి ఉంటే వైద్యం ఆగకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాలు ఉన్నాయి. జైలు డాక్టరు అక్కడికి పంపేలా వకీలు ఒత్తిడి తేవాలి.

ఈసారి వెళ్లినప్పుడు అతడి పేరున క్యాంటీన్ ఖర్చులకు కొంత డబ్బు జమ చేయండి, సబ్బు కోసం కూడా ఎవరి దగ్గరా చేయి చాచకూడదు. ములాఖత్‌లో ఏం జరిగిందో చెప్పమని అడగకండి, పక్కన వినేవారుంటారు. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరిగినప్పుడు కూడా అతడి పక్కన సిబ్బంది ఉండవచ్చు, కాబట్టి మేజిస్ట్రేటు అడిగితే చెబుతాడులే అని ఊరుకోవద్దు. “బ్యారక్ మార్పించమంటవా?” అని మాత్రం అడగండి. దానికి తల ఊపితే చాలు. ఊపాడంటే ఆ రోజే, బస్సెక్కక ముందే, వకీలుకు ఫోన్ చేయండి.