బిడ్డా, ముందు ‘రేపు చెప్తా’ అనడం నేర్చుకో

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడ్వలేదు గానీ, ఏడ్చినా బాగుండేది. ఒళ్లు కాలిపోతున్నా మీ ఆడబిడ్డ సీమంతానికి నలభై మందికి వండిపెట్టి, పైగా "కాదంటే ఏమనుకుంటారో పెద్దమ్మా" అంటివి. ఆ ‘ఏమనుకుంటారో’కే నా ముప్పై ఏళ్లు పోయాయి, అందుకే రాస్తున్నా.

ఒకసారి మీ పెద్దనాన్న, పిల్లలు, అత్తమ్మ అందరూ మేడారం జాతరకు పోతే మోకాళ్ల నొప్పులతో నేనొక్కదాన్నే హన్మకొండలో ఉండిపోయా. పొద్దున వంటింట్లో నిలబడితే ఏం వండుకోవాలో తోచలేదు. ఆయనకు పచ్చిపులుసు ఉండాలి, అత్తమ్మకు ఉప్పు తక్కువ, చిన్నోడికి ఆలుగడ్డ తప్ప ముద్ద దిగదు, అన్నీ తెలుసు, నాకేం ఇష్టమో తప్ప. చివరికి సర్వపిండి చేసుకున్నా. గిన్నె లోపల పిండి ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి, సన్నమంట మీద కాల్చి, ఎర్రగా కరకరలాడే మొదటిది నేనే తిన్నా. అన్నేళ్లూ నా వంతుకు వచ్చింది ఆఖరిది, అదీ విరిగిందో మాడిందో.

అందుకని కొట్లాడమని చెప్పను, ఇల్లు వదలమనీ చెప్పను. ఎవరేం అడిగినా వెంటనే ‘సరే’ అనకు, ‘రేపు చెప్తా’ అను, అంతే. ఆ ఒక్క రాత్రిలో నీకు నిజంగా చెయ్యాలని ఉందో, భయపడి చేస్తున్నావో తెలిసిపోతుంది. కాదనాలనుకుంటే కారణాలు వరసగా చెప్పకు. తలనొప్పి అంటే గోలీ ఇస్తారు, పనుంది అంటే పని తర్వాత రమ్మంటారు. "ఈసారి నాతోని కాదు" అని ఊరుకో. రెండు రోజులు ముఖాలు మాడ్చుకుంటారు, మాడ్చుకోనీ. పాలకుర్తి ఐలమ్మ దొర మనుషులకు ఎదురు నిలిచి తన పంట తన ఇంటికి చేర్చుకుందని విగ్రహానికి దండలేస్తాం గానీ, ఇంట్లో కోడలు ‘నేను రాను’ అంటే మనకే నచ్చదు. నాకూ నచ్చలేదులే, నా కోడలు మొదటిసారి అన్నప్పుడు!

ఇంకోటి. నెలకొకసారి ఒక్కదానివే ఎటైనా పోయిరా. 2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా, ఆధార్ కార్డు ఉంటే చాలు, ఛార్జీలకు ఎవరి ముందూ చెయ్యి చాపే పని లేదు. నేను మొదట పోయింది రామప్ప గుడికి, ములుగు దాకా బస్సు, అక్కణ్నుంచి పాలంపేటకు ఆటో. అంతకుముందు నాలుగుసార్లు పోయానట, గుర్తున్నది మాత్రం పులిహోర డబ్బాలు, పిల్లల చెప్పులు. ఈసారి ఆ నల్లరాతి మదనికల, అదే ఆడవాళ్ల శిల్పాల కింద అరగంట నిలబడ్డా, ఎత్తు చెప్పులేసుకున్న బొమ్మ దగ్గరైతే ఇంకాసేపు, "ఇక పోదామా" అనేవాళ్లే లేరు. నాకు ఇట్ల నింపాదిగా చూడటం ఇష్టమని అప్పుడే తెలిసింది. మొదటిసారి పోయినప్పుడు ఇంట్లో స్టవ్ ఆపానా, ఆయన తిన్నాడా అని దారిపొడుగునా టెన్షనే, నీకూ అవుతుంది. అయినా దిగి వెనక్కి రాకు.

ఈ ఆదివారం ఎవరినీ అడగకుండా నీకు నచ్చింది ఒక్కటి వండుకో. మొదట నువ్వే వడ్డించుకో. రాత్రికి ఫోన్ చేసి ఏం వండావో చెప్పు, ‘ఏదో ఒకటి’ అన్నావంటే ఫోన్ పెట్టేస్తా.

నీ పెద్దమ్మ